డాక్టరు తెరమీద, రక్తం నారాయణగూడలో

రోగి ఒకచోట, డాక్టరు మరోచోట ఉండగా ఫోనులోనో వీడియోలోనో జరిగే వైద్యమే టెలీమెడిసిన్. మాట ఎంత దూరమైనా వెళ్తుంది. పుండు ఫొటో, ఎక్స్‌రే, ఈసీజీ గీతలు కూడా క్షణాల్లో చేరిపోతాయి. రక్తం మాత్రం అలా వెళ్లదు. మాత్రలు ఆ దారిన రావు. పొట్ట నొక్కి ఎక్కడ నొప్పో చూసే చెయ్యి తెరలోంచి బయటికి రాదు. అందుకే టెలీమెడిసిన్ పనికొచ్చేదీ లేనిదీ అవతల ఎంత పెద్ద డాక్టరున్నాడన్న దాని కంటే, ఇవతల రోగి పక్కన ఎవరున్నారు, ఏమున్నాయి అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పాతికేళ్లుగా తెలుగు రాష్ట్రాల్లో జరిగిన ప్రయత్నాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ చిక్కుతో కుస్తీ పట్టినవే.

మొదటిది అరగొండ. చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలంలోని ఈ ఊరు అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామం. అక్కడ కట్టిన 50 పడకల ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా నగరంలోని స్పెషలిస్టులతో కలిపారు. 2000 మార్చి 24న, హైదరాబాద్ పర్యటనలో ఉన్న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దాన్ని ప్రారంభించారు. అప్పటికి దేశంలో మామూలు ఇంట్లో ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ తీగ మీద కీచుమంటూ కలిసే డయలప్పే. పల్లెకు ఉపగ్రహ సంబంధం అన్న మాట పత్రికలకు పెద్ద వార్త అయింది. అందరి కళ్లూ ఆసుపత్రి పైన బిగించిన డిష్ మీద పడ్డాయి కానీ, దాని కింద ఒక పూర్తిస్థాయి ఆసుపత్రి ఉందన్న సంగతి చాలామంది పట్టించుకోలేదు. స్కాన్ తీసే యంత్రం, దాన్ని నడిపే మనిషి, పడక, నర్సు ఊళ్లోనే ఉన్నారు. దూరం నుంచి వచ్చింది స్పెషలిస్టు అభిప్రాయం ఒక్కటే. అలాంటి ఆసుపత్రి లేని ఊళ్లో ఒట్టి డిష్ బిగించి ఏం లాభం అన్న ప్రశ్న అక్కణ్ణుంచే మొదలైంది.

ఏడేళ్ల తర్వాత హైదరాబాద్ నుంచే ఇంకో జవాబు వచ్చింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్ఎంఆర్ఐ అనే సంస్థ 104 నంబరు నడపడం మొదలుపెట్టింది. దీనికి ఉపగ్రహం అక్కర్లేదు, ఏ ఫోనైనా చాలు. ఫోను ఎత్తిన సిబ్బంది ఒక వరసలో ప్రశ్నలు వేస్తారు. జ్వరం ఎన్నాళ్లుగా, వాంతులున్నాయా, మూత్రం సరిగా వస్తోందా. జవాబుల్ని బట్టి ఇంట్లో చేసుకునే ఉపాయం చెప్పడమో, డాక్టరుకు కలపడమో, వెంటనే ఆసుపత్రికి వెళ్లమనడమో జరుగుతుంది. తర్వాత అదే నంబరు పేరుతో వ్యాన్లు కూడా బయల్దేరాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు నెలలో ఒక నిర్ణీత తేదీన వచ్చి, గర్భిణుల్ని చూసి, బీపీ, షుగరు ఉన్నవాళ్లకు నెలకు సరిపడా మందులిచ్చి వెళ్లేవి. ఫోను చెయ్యలేని పనిని బండి చేసింది. పల్లెల్లో ‘నూటనాలుగు బండి’ అన్న పేరు ఈనాటికీ అలాగే ఉండిపోయింది.

ఈ రెండింటికంటే పకడ్బందీగా సాగిన పని కంటి వైద్యంలో జరిగింది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987లో హైదరాబాద్‌లో సేవలు మొదలుపెట్టింది. ఊళ్లకు కళ్లజోడు చేరాలంటే ఊరూరా కంటి డాక్టరు దొరకడని ఆ సంస్థ ముందే ఒప్పుకొని, మెట్లుమెట్లుగా ఒక ఏర్పాటు చేసింది. అడుగున ఉండే విజన్ సెంటర్ 50 వేల జనాభాకు ఒకటి. దానిపైన ఆపరేషన్లు చేసే కేంద్రం 5 లక్షల జనాభాకు ఒకటి. ఇంకా పైన పెద్దాసుపత్రులు. అన్నిటికీ మీద బంజారాహిల్స్‌లోని ప్రధాన కేంద్రం.

విజన్ సెంటర్‌లో డాక్టరు ఉండడు. ఇంటర్మీడియెట్ చదివి, ఏడాదిపాటు శిక్షణ పొందిన స్థానిక యువతో యువకుడో ఉంటారు. విజన్ టెక్నీషియన్ అంటారు. ఒక చిన్న గది, గోడకు అక్షరాల పట్టిక, గడ్డం ఆనించి చూసే స్లిట్ ల్యాంప్, పక్కన కళ్లజోళ్ల ఫ్రేములు. వచ్చినవాళ్లలో చాలామందికి కావాల్సింది అద్దాలే కాబట్టి వాళ్ల పని అక్కడే అయిపోతుంది. నల్లగుడ్డు మీద తెల్లని మచ్చో, పొలంలో వరి ఆకు గీసుకుని ఎర్రబడిన కన్నో కనిపిస్తే టెక్నీషియన్ ఫొటో తీసి పైకి పంపుతారు. అవతలి డాక్టరు చూసి ఇక్కడే చుక్కలు చాలో, బస్సెక్కాలో చెబుతారు.

కంటికి ఈ పద్ధతి ఇంతగా నప్పడానికి కారణం కన్నే. నల్లగుడ్డు బయటికే కనిపిస్తుంది. లోపలి రెటీనాను కోత పెట్టకుండా, సూది గుచ్చకుండా ఫొటో తీయొచ్చు. షుగరు జబ్బు రెటీనాలో రక్తనాళాల్ని పాడుచేస్తున్న సంగతి చూపు తగ్గకముందే ఆ ఫొటోలో తెలిసిపోతుంది. చర్మవ్యాధులు కూడా దాదాపు ఇంతే. కడుపునొప్పి సంగతి వేరు. అపెండిసైటిస్సో గ్యాసో తేల్చడానికి ఎంత మంచి కెమెరా అయినా చాలదు. టెలీమెడిసిన్ మంచిదా కాదా అని మొత్తంగా అడగడం కంటే ఏ జబ్బుకు అని అడగడమే తెలివైన పని.

మన దేశంలో డాక్టర్లు చాలాకాలం దీనికి జంకడానికి చట్టం స్పష్టంగా లేకపోవడం ఒక కారణం. 2018లో ఒక బాలింత మరణం కేసులో, డాక్టరు దగ్గర లేకుండా ఫోనులో మందులు రాయించడాన్ని బాంబే హైకోర్టు తీవ్రంగా తప్పుపట్టి ముందస్తు బెయిలు నిరాకరించింది. ఆ తీర్పుతో ఫోనులో సలహా ఇవ్వడమే నేరమవుతుందేమోనన్న బెరుకు దేశమంతా పాకింది. రెండేళ్లు తిరక్కుండానే కరోనా వచ్చింది. లాక్‌డౌన్ మొదలైన రోజునే, 2020 మార్చి 25న, కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఏళ్ల తరబడి నానుతున్న వ్యవహారం ఒక మహమ్మారి దెబ్బకు తేలిపోయింది.

ఆ నిబంధనల్లో సామాన్యుడు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోనులో చూస్తే సరిపోతుందా, మనిషి రావాల్సిందేనా అన్నది డాక్టరే తేల్చాలి, తేల్చాక ఆ బాధ్యతా ఆయనదే. మందుల చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి. మందుల్ని జాబితాలుగా విడగొట్టారు. పారాసెటమాల్, ఓఆర్ఎస్ వంటివి మామూలు ఫోనులోనే రాయొచ్చు. మరికొన్ని మొదటిసారి రాయాలంటే వీడియోలో చూడాల్సిందే. ఇంకొన్నింటిని, ముందు నేరుగా చూసిన రోగికి కొనసాగింపుగా మాత్రమే రాయాలి. మత్తు కలిగించే మందుల చట్టం కిందికి వచ్చేవీ, షెడ్యూల్ ఎక్స్ మందులూ చాలావరకు నిషిద్ధం. వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూపిస్తే మెడికల్ షాపు కుర్రాడు ముందుగా ఆ నంబరు కోసం వెతకాలి. వెతుకుతున్నాడా అంటే, హైదరాబాద్‌లోని చిక్కడపల్లి సందుల్లో అసలు చీటీయే అడక్కుండా జలుబుకు యాంటీబయోటిక్ ఇచ్చే అలవాటు టెలీమెడిసిన్ కంటే చాలా పాతది.

ప్రభుత్వ టెలీమెడిసిన్‌కు ఇప్పుడు వెన్నెముక ఈ-సంజీవని. మొహాలీలోని సీ-డాక్ తయారుచేసిన ఈ ఏర్పాటు 2019 నవంబరులో మొదలైంది. దాన్ని ముందుగా అమల్లో పెట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. రోగి నేరుగా ఇంటినుంచి డాక్టరుతో మాట్లాడే పద్ధతి కరోనా కాలంలో, 2020 ఏప్రిల్ 13న తోడైంది. రెండింట్లో ఎక్కువ పని చేస్తున్నది, ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరుకు కలిపే మొదటి పద్ధతే.

ఊళ్లో హెల్త్ క్లినిక్‌కు ఒక ముసలమ్మ మోకాళ్ల నొప్పి, కాళ్ల వాపుతో వచ్చిందనుకుందాం. అక్కడుండే బీఎస్సీ నర్సింగ్ చదివిన ఉద్యోగిని ఆమె బీపీ, షుగరు, బరువు చూసి, బాధలు అడిగి కంప్యూటర్లో ఎక్కిస్తుంది. అవతల మెడికల్ కాలేజీలోనో జిల్లా ఆసుపత్రిలోనో ఉన్న ‘హబ్’ డాక్టరు వరసలో ఈ పేరు వచ్చినప్పుడు వీడియో కలుస్తుంది. డాక్టరు వాపు మీద వేలితో నొక్కమంటారు. నొక్కేది నర్సు. గుంట పడిందా లేదా చెప్పేదీ నర్సే. గుంట పడితే మోకాలి సంగతి పక్కనపెట్టి గుండె, కిడ్నీల వైపు ఆలోచన మళ్లుతుంది. ముసలమ్మ ‘ఆయాసమా, అదెప్పుడూ ఉండేదే’ అని కొట్టిపారేస్తే, మెట్లెక్కేటప్పుడు ఎక్కువవుతుందా అని ఆమె భాషలో మళ్లీ అడిగేదీ ఆ అమ్మాయే. చీటీ అక్కడే అచ్చవుతుంది, ఉన్న మందులు అక్కడే ఇస్తారు.

2023 ఫిబ్రవరి నాటికి ఈ-సంజీవనిలో దేశమంతటా 10 కోట్ల సంప్రదింపులు పూర్తయ్యాయి. అందులో ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే 3 కోట్ల 17 లక్షలు, రెండో స్థానంలో ఉన్న తమిళనాడుకు రెండున్నర రెట్లు. తెలంగాణవి దాదాపు 46 లక్షలు. ఇంత తేడా రావడానికి ఆంధ్రప్రదేశ్ ముందుగా మొదలుపెట్టడం, గ్రామ క్లినిక్కుల్లో నర్సింగ్ చదివినవాళ్లను పెద్దఎత్తున నియమించడం కారణాలు. అంకెలు చూసి మురిసిపోవడంలోనూ ఒక ప్రమాదముంది. రోజుకు ఇన్ని కాల్స్ చేసి తీరాలని లక్ష్యం పెడితే, తలనొప్పి మాత్ర ఇచ్చి పంపగల మనిషిని కూడా తెర ముందు కూర్చోబెట్టాల్సి వస్తుంది.

మొత్తం సంప్రదింపుల్లో 57 శాతానికి పైగా ఆడవాళ్లవి. ఈ అంకె పక్కన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు పెట్టి చూస్తే దీని విలువ అర్థమవుతుంది. 2019-20లో జరిగిన ఆ సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్లలో ఇది 50 శాతం అటూఇటూ. ఇంట్లో స్మార్ట్‌ఫోనున్నా అది భర్త జేబులోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. కడుపుతో ఉన్న కోడలు తెల్లబట్ట సంగతి ఆ ఫోనులో, అందరూ వింటుండగా, పరాయి మగ డాక్టరుతో చెప్పుకోవాలంటే అయ్యే పని కాదు. ఇంటర్నెట్‌ను తక్కువగా తాకిన ఆడవాళ్లే సగానికి మించి ఈ సేవ పొందారంటే దాన్ని వాళ్ల తరఫున తాకిన నర్సు ఉండబట్టే. ప్రతి మనిషి చేతిలో యాప్ పెడితే వైద్యం అందుతుందన్న లెక్క దగ్గరే పథకాలు తడబడతాయి.

ఇక రక్తం సంగతి. హైదరాబాద్‌లో 2018 ఏప్రిల్ నుంచి బస్తీ దవాఖానలు తెరుస్తూ వచ్చారు. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకుడు, కమ్యూనిటీ హాలులాంటి ఏదో ఒక చిన్న భవనం. ఐదు నుంచి పది వేల మందికి ఒకటి చొప్పున ఉండాలన్నది ఉద్దేశం. అంత చిన్న చోట లేబొరేటరీ పెట్టడం కుదరదు. పరీక్షలు బయట చేయించుకోమంటే పేదవాడి వైద్యం అక్కడితో ఆగిపోతుంది. దవాఖానలో ఓపీ ఉచితమైనా ఎదురుగా ఉన్న ప్రైవేటు ల్యాబ్ బిల్లు కూలి డబ్బుల్ని మింగేస్తుంది. దీనికి విరుగుడు, అంతకు కొద్ది నెలల ముందే, 2018 జనవరిలో, తెలంగాణ ప్రభుత్వం నారాయణగూడలో తెరిచిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రం.

అది ఉన్న ఆవరణ నగరవాసులకు కొత్తది కాదు. కుక్క కరిస్తే వేసే సూదికి, ఆఫ్రికా ప్రయాణానికి ముందు ఎల్లో ఫీవర్ టీకాకు జనం వెళ్లే ఐపీఎం, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, అదే. వైఎంసీఏ చౌరస్తాలో ఎవరినడిగినా దారి చూపిస్తారు. నగరంలోని పట్టణ ఆరోగ్య కేంద్రాలు, బస్తీ దవాఖానల్లో తీసిన రక్తం బండ్ల మీద అక్కడికి చేరుతుంది, ఫలితం ఆన్‌లైన్లో డాక్టరుకూ రోగి ఫోనుకూ వెళ్తుంది. రోగి కదలడు, రక్తమే కదులుతుంది.

చెప్పినంత తేలిక కాదిది. గాజు గొట్టంలో పోసిన రక్తం చచ్చిన పదార్థం కాదు. అందులోని కణాలు బతికే ఉండి చక్కెరను తింటూనే ఉంటాయి. అలా వదిలేస్తే గంటగంటకూ షుగరు పడిపోతుంది, జబ్బున్నవాడి రిపోర్టు కూడా మంచిగా కనిపిస్తుంది. అందుకే షుగరు పరీక్షకు బూడిదరంగు మూత ఉన్న గొట్టం వాడతారు, అందులోని ఫ్లోరైడ్ కణాల తిండిని ఆపుతుంది. కణాల్ని లెక్కించే పరీక్షకు ఊదారంగు మూత, గడ్డకట్టకుండా వేరే మందు. బండి ఎండలో ఆలస్యమైతే కణాలు పగిలి పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఏ గొట్టంలో తీశారు, ఎవరి పేరు అంటించారు, బండి ఎన్నింటికి బయల్దేరింది అన్నవి తప్పితే తెరమీది స్పెషలిస్టు ఎంత గొప్పవాడైనా తప్పుడు కాగితం చూసి తప్పుడు మందే రాస్తాడు. 2021 జూన్‌లో ఇదే పద్ధతిని 19 జిల్లాలకు, 57 రకాల పరీక్షలతో విస్తరించారు. ప్రచారంలో డ్రోన్లకు దక్కిన చోటు దీనికి దక్కలేదు. అదే ఏడాది సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపే ప్రయోగం జరిగినప్పుడు దేశమంతా చూసింది. రోజూ నారాయణగూడ ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చే రక్తపు డబ్బాల వైపు ఎవరు చూస్తారు?

నగరం మధ్యలోనే ఉన్న చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో టెలీమెడిసిన్ అవసరమేమిటని అనిపించడం సహజం. దూరమన్నది అక్కడ పెద్ద సమస్య కాదు. 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో గ్రీన్ లైన్‌లో చిక్కడపల్లి నుంచి మూడో స్టేషను గాంధీ ఆసుపత్రి. అయితే నగరంలో ప్రత్యేక ప్రభుత్వాసుపత్రులు ఒక్కో అవయవానికి ఒక్కో మూలన ఉన్నాయి. కంటికి మెహిదీపట్నం సరోజినీదేవి, చెవి ముక్కు గొంతుకు కోఠి, పిల్లలకు నిలోఫర్, క్యాన్సర్‌కు ఎంఎన్‌జే, మనసుకు ఎర్రగడ్డ. తలతిరుగుడుకు చెవి కారణమో, బీపీ కారణమో, మెడ కారణమో తెలియని మనిషి ఎటు బయల్దేరాలి? తప్పు దారిలో వెళ్తే ఒక రోజు కూలి పోయినట్టే. వచ్చే ముందు ఒక ఫోను సలహా దొరికితే కనీసం సరైన క్యూలో నిలబడతాడు.

అశోక్‌నగర్ కథ మరో రకం. గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చిన వేలమంది అక్కడి హాస్టళ్లలో ఉంటారు, పగలు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ పట్టుకుని చదువుకుంటారు. వీళ్ల దగ్గర స్మార్ట్‌ఫోనుంది, చదువుంది. లేనివి సమయం, డబ్బు, పక్కన పెద్దదిక్కు. వేళ తప్పిన తిండితో గ్యాస్ట్రైటిస్, వానాకాలంలో జ్వరాలు, నోటిఫికేషన్ వాయిదా పడ్డప్పుడల్లా పట్టే దిగులు. మొదటి రెండింటికీ మెడికల్ షాపు ఉందనుకుంటారు. మూడోదానికి 2022 అక్టోబరు 10న కేంద్రం టెలీ-మానస్ ప్రారంభించింది. 14416కు ఫోను చేస్తే ఏ వేళనైనా కౌన్సెలర్ తెలుగులో మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి దేశస్థాయిలో దారి చూపుతోంది. ఎర్రగడ్డ పేరు చెబితేనే జంకే సమాజంలో ఫోను చాటు దొరకడం చిన్న సంగతి కాదు. చిక్కల్లా నలుగురు పడుకునే గదిలో ఆ మాటలు ఎక్కడ కూర్చుని మాట్లాడాలన్నదే. మేడ మీద ఆరేసిన బట్టల మధ్యో, వీధి చివర టీ బండి అవతలో చోటు వెతుక్కోవాలి. హాస్టలు కట్టేవాళ్లు గానీ గ్రంథాలయం నడిపేవాళ్లు గానీ తలుపు మూసుకునే ఒక చిన్న గది ఇవ్వగలిగితే దానికయ్యే ఖర్చు ఏపాటిది?

ఈ సేవల్ని ఎవరు పోషించాలన్నదానికి రెండు అనుభవాలున్నాయి. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడ్డప్పుడు, ఆ సంస్థ అధిపతి చొరవతో పుట్టిన 108 అంబులెన్సులు, 104 మూతపడతాయని అందరూ భయపడ్డారు. నడిపే చేతులు మారాయి గానీ బండ్లు ఆగలేదు. ఖర్చులో అత్యధిక భాగం అప్పటికే ప్రభుత్వ ఖజానా నుంచి వస్తుండటం, జనం ఆ నంబర్లకు అలవాటుపడటం వాటిని నిలబెట్టాయి. ఆఫ్రికాలోని రువాండాలో 2016 నుంచి బేబిల్ అనే సేవ ఫోను వైద్యాన్ని ఇంటింటికీ చేర్చింది. లండన్‌లో పుట్టిన దాని మాతృసంస్థ బ్యాబిలన్ 2023లో దివాళా తీయడంతో అక్కడి సేవ కూడా మూతపడింది.

ఎంత చేసినా ఫోనుకు అప్పగించకూడనివి కొన్ని ఉన్నాయి. ఛాతీలో బరువు, మూతి ఒకవైపు వంకరపోవడం, మాట తడబడటం, పురిటినొప్పులు, పాముకాటు. వీటికి వీడియోలో నిమిషం గడపడమూ దండగే, 108 పిలవాలి.

స్పెషలిస్టుల సంఖ్య సంగతి ఇంకా తేలలేదు. గ్రామీణ ఆరోగ్య గణాంకాలు 2021-22 ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో సర్జన్లు, ఫిజీషియన్లు, గైనకాలజిస్టులు, పిల్లల డాక్టర్లు కలిపి కావాల్సినవాళ్లలో దాదాపు 80 శాతం మంది లేరు. టెలీమెడిసిన్ కొత్త డాక్టర్ని పుట్టించదు, ఉన్న డాక్టరు సమయాన్ని వేరేచోటికి పంచుతుంది. హబ్‌లో కూర్చున్న పిల్లల డాక్టరు ఆ గంటలు తన వార్డులో లేనట్టే. హబ్‌ల కోసం విడిగా పోస్టులు నింపిన చోట వార్డుకు ఇబ్బంది ఉండదు. ఉన్నవాళ్లనే అటూఇటూ సర్దిన చోట, తెరమీద డాక్టరు దొరికిన పల్లె రోగి లాభపడితే ఆసుపత్రి మంచం మీద రౌండ్స్ కోసం ఎదురుచూసే రోగి ఇంకాసేపు ఆగాల్సి వస్తుంది.